టీబీ పేరు గవర్నమెంటుకి రాయిస్తే ఏమవుతుంది? చట్టాలు ఎక్కడ పనిచేశాయి, ఎక్కడ బెడిసికొట్టాయి

చిత్తూరు నుంచి వచ్చిన ప్రశ్న ఇది. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పనిచేసే తమ్ముడికి వేలూరులో టీబీ అని తేల్చారు. ‘గవర్నమెంటుకి రిపోర్టు చెయ్యాలి, ఆధారూ బ్యాంకు పాసుబుక్కూ తీసుకురండి’ అన్నారు. అప్పటినుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పేరు రాసుకుని ఎక్కడికైనా తీసుకుపోతారా? పని పోతుందా? ఇలాంటి చట్టాల వల్ల ప్రపంచంలో ఎక్కడైనా జబ్బు తగ్గిందా, లేక ఊరికే లెక్కలు రాసుకోడానికా?

ముందు భయం సంగతి తేల్చేద్దాం. మీ తమ్ముణ్ణి ఎవరూ ఎక్కడికీ తీసుకుపోరు. మన దేశంలో టీబీని ప్రభుత్వానికి తెలియజేసే బాధ్యత డాక్టరు మీద, ల్యాబు మీద, మందుల షాపు మీద ఉంది. 2012 మే 7న కేంద్రం దీన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించింది. ఆ ఉత్తర్వులో శిక్ష ఊసే లేదు, కాబట్టి ప్రైవేటులో చాలామంది దాన్ని చదివి పక్కన పెట్టేశారు. 2018 మార్చిలో గెజిట్ నోటిఫికేషన్ ఇచ్చి ఐపీసీ 269, 270 సెక్షన్లు జోడించారు. నిర్లక్ష్యమైతే ఆరు నెలల దాకా, దురుద్దేశంతో చేస్తే రెండేళ్ళ దాకా జైలు. ఇప్పుడవి భారతీయ న్యాయ సంహితలో 271, 272. రిపోర్టు చేయకపోతే ఈ కత్తి వేలాడేది వైద్యం చేసేవాళ్ళ మీద. జబ్బు పడ్డ మనిషి మీద దీంట్లో కేసు లేదు.

బెత్తం చూపించి ఊరుకోలేదు. పేరు నమోదు చేసిన ప్రైవేటు డాక్టరుకి 500 రూపాయలు, మందు పూర్తయ్యాక ఫలితం రాస్తే ఇంకో 500 ఇస్తారు. అయితే ఈ వెయ్యికోసం పరుగెత్తే డాక్టర్లు ఎంతమందో గానీ, అసలు మార్పు తెచ్చింది వేరే ఏర్పాటు అని నా అభిప్రాయం: పేషెంటు తన దగ్గరే ఉంటాడు, మందులు మాత్రం గవర్నమెంటువి ఉచితంగా వస్తాయి, గళ్ల పరీక్ష కూడా ఉచితం. పేరు రాస్తే పేషెంటు చేజారిపోతాడన్న భయం పోయాకే ప్రైవేటు నమోదులు నిజంగా కదిలాయి. 2024లో దేశం మొత్తం నమోదులు 26 లక్షలు దాటాయి, అందులో మూడో వంతు దాకా ప్రైవేటు నుంచి వచ్చినవే.

నమోదు పెరిగితే జబ్బు తగ్గినట్టేనా? అక్కడే చాలామంది పొరబడతారు. నమోదు అంటే దాగి ఉన్న జబ్బు లెక్కలోకి రావడం, అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం మన దేశంలో లక్ష మందికి కొత్త కేసులు 2015లో 237 ఉంటే 2024లో 187. దాదాపు 21 శాతం తగ్గుదల. ప్రపంచ సగటుతో పోలిస్తే మెరుగే, 2025కల్లా నిర్మూలిస్తామన్న లక్ష్యంతో పోలిస్తే చాలా దూరం. పైగా 2019–21లో చేసిన జాతీయ సర్వేలో, టీబీ లక్షణాలున్నవాళ్ళలో సుమారు 64 శాతం మంది అసలు వైద్యానికే వెళ్ళలేదని తేలింది. డాక్టరు గడప దగ్గర కాపలా కాసే చట్టం, ఆ గడప తొక్కనివాణ్ణి ఏం పట్టుకుంటుంది? ఫిలిప్పీన్స్ 2016లో టీబీకే ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది, రిపబ్లిక్ యాక్ట్ 10767. నమోదు తప్పనిసరి అయింది, నమోదులు పెరిగాయి. కొత్త కేసుల అంచనా మాత్రం దిగలేదు.

రోగి మీద చెయ్యి వేసిన చట్టాల కథ వేరు. టీబీ పేరు రాయించడం పాత పద్ధతే. న్యూయార్క్ నగరం 1897లోనే డాక్టర్లు టీబీ కేసులు తెలపాలంది, నార్వే 1900లో దేశం మొత్తానికీ చట్టం చేసింది. అప్పటికి మందు లేదు. పేరు రాసుకుని చేయగలిగింది మనిషిని వేరుగా పెట్టడమే. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం (టీబీ రోగుల్ని ఉంచే ఆస్పత్రి) తెరిచిననాటి వైద్యం కూడా అదే: గాలి, విశ్రాంతి, మంచి తిండి. టీబీ అంటే ఇల్లు వదిలిపోవడమే అన్న భయం మన వైపు పెద్దవాళ్ళలో ఇప్పటికీ ఉందంటే, ఆ కాలపు జ్ఞాపకమే అది. దాన్ని శాస్త్రీయంగా కొట్టిపారేసింది పక్కనున్న మద్రాసే. 1956లో మొదలైన అక్కడి అధ్యయనం, ఇరుకిళ్ళలో ఉంటూ మందు వాడినవాళ్ళకి శానిటోరియంలో ఉన్నవాళ్ళతో సమానంగా నయమవుతుందని చూపించింది. ఇంట్లోవాళ్ళకి అంటుకోవడం కూడా ఎక్కువగా లేదు, ఎందుకంటే అంటుకోవాల్సింది చాలావరకు మందు మొదలు కాకముందే అంటుకుని ఉంటుంది. ఆ తర్వాత టీబీ రోగిని బలవంతంగా వేరుపెట్టే చట్టాలకి మామూలు కేసుల్లో ఆధారమే లేకుండా పోయింది.

అయినా కొన్ని దేశాలు ఆ దారి తొక్కాయి. కెన్యాలో 2010లో మందులు మధ్యలో ఆపేశారని ప్రజారోగ్య చట్టం కింద ఇద్దర్ని 8 నెలలు జైల్లో పెట్టమని కోర్టు ఆదేశించింది. కిక్కిరిసిన జైలు గదిలో మిగతా ఖైదీలతోపాటే ఉంచారు. అంటువ్యాధి ఆపడానికి మనిషిని తీసుకెళ్ళి, అంటుకోడానికి అంతకంటే అనువైన చోటు లేనిచోట పెట్టారన్నమాట. 46 రోజుల తర్వాత బయటికి వచ్చారు. 2016లో నైరోబీ హైకోర్టు ఇది రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ఇలాంటి వార్త ఒక్కటి ఊళ్ళో తిరిగితే చాలు, దగ్గేవాడు ఆస్పత్రి వైపు రావడం మానేస్తాడు.

న్యూయార్క్‌ని దీనికి ఎదురు ఉదాహరణగా చూపిస్తుంటారు. 1992లో అక్కడ 3,811 కేసులు. 1993లో ఆరోగ్య నిబంధనలు సవరించి, మందు వాడనివాళ్ళని పూర్తయ్యేదాకా నిర్బంధించే అధికారం ఇచ్చారు. 1994కి కేసులు 2,995కి దిగాయి. నిర్బంధం వల్లే తగ్గిందని పైపైన చూసినవాళ్ళు అంటారు. లోపలికి వెళ్ళి చూస్తే, ఆ రెండేళ్ళలో వైద్యం పొందిన 8 వేల మంది పైచిలుకులో ఇలాంటి ఉత్తర్వులేవైనా అందినవాళ్ళు 304 మంది, అంటే 4 శాతం లోపు. మిగతావాళ్ళలో చాలామంది దగ్గరికి ఆరోగ్య కార్యకర్త వెళ్ళి కళ్ళముందు మాత్ర వేయించాడు, బస్సు టికెట్టు, తిండి ఇచ్చాడు. డబ్బు, మనుషులు కుమ్మరించారు. చట్టం ఆ కొద్దిమందికి చివరి అస్త్రంగా మిగిలింది. మనలాంటి చోట చివరి అస్త్రాన్నే మొదట తీస్తే కెన్యా అవుతుంది.

రోగి ఖర్చు మోసిన చట్టాలవే నా దృష్టిలో నిజమైన ఫలితాలు. జపాన్‌లో 1950 దాకా మరణాలకి మొదటి కారణం టీబీ. 1951 చట్టంతో పరీక్షలు, టీకా, వైద్యం ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వం మీదికి వచ్చాయి. కొత్త మందులూ అప్పుడే వచ్చాయి గనుక ఘనతంతా చట్టానిది కాదు, కానీ మందు కొనలేనివాడికి మందు చేర్చింది చట్టమే. పెరూ 2014లో చేసిన చట్టం తిండి సాయం ఇచ్చింది, టీబీ వచ్చిందని పనిలోంచి తీసేయకుండా అడ్డం పెట్టింది. మన దగ్గర ప్రైవేటు ఉద్యోగాలకి టీబీకంటూ అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అది పెద్ద లోటు.

రోగికి కనబడకుండా పనిచేసే చట్టాలు ఇంకొన్ని ఉన్నాయి. 2012 జూన్‌లో కేంద్రం రక్తంతో టీబీ తేల్చే సీరాలజీ కిట్లని నిషేధించింది. అవి లేని జబ్బుని ఉందనీ, ఉన్న జబ్బుని లేదనీ చెప్పేవి. అంతకుముందు ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని వాడొద్దంది. నిషేధం పనిచేసింది, కానీ ఖాళీ అయిన చోటులోకి కొన్నిచోట్ల ‘టీబీ గోల్డ్’ అనే ఇంకో రక్త పరీక్ష దూరింది. అది నిషేధించినది కాదు, పనికిరానిదీ కాదు. ఒంట్లో క్రిమి ఎప్పుడైనా చేరిందా అన్నదే అది చెబుతుంది. మన దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు ముగ్గురిలో ఒకరికి క్రిమి లోపల నిద్రపోతూనే ఉంటుంది. ఆ పరీక్ష పాజిటివ్ వచ్చిందని ఆరు నెలల మందు మొదలుపెట్టకూడదు. మీ తమ్ముడికి దేని ఆధారంగా తేల్చారో రిపోర్టు తిప్పి చూడండి. సీబీనాట్ అనో ట్రూనాట్ అనో (గళ్లలో టీబీ క్రిమిని యంత్రంతో పట్టే పరీక్షలు) ఉండాలి, దాని పక్కన టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కి లొంగుతుందా లేదా అని కూడా రాసి ఉండాలి. అది లేకపోతే గళ్ల పరీక్ష మళ్ళీ చేయించండి, ప్రభుత్వ ల్యాబులో ఉచితం. పొద్దున లేవగానే నోరు నీళ్ళతో పుక్కిలించి, రెండు మూడుసార్లు నిండా ఊపిరి పీల్చి, గుండె లోపలినుంచి దగ్గి తీసినది కావాలి. రెండు నుంచి ఐదు మిల్లీలీటర్లు, అంటే ఒక టీస్పూను చాలు. నురగ నురగగా పల్చగా ఉంటే అది ఉమ్మి, దాంట్లో క్రిమి దొరకదు, రిపోర్టు నెగెటివ్ వస్తుంది. పరీక్ష తప్పిపోవడానికి యంత్రంకంటే ఈ డబ్బాలో పడ్డదే ఎక్కువసార్లు కారణం.

మందుల షాపులకి పెట్టిన నిబంధన షెడ్యూల్ హెచ్1. 2013లో ప్రకటించారు, 2014 మార్చి 1 నుంచి అమలు. అప్పటి జాబితాలో 46 మందులు: టీబీ మందులన్నీ దాదాపు అందులోనే, లీవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌లు కూడా. స్ట్రిప్పు మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది చూడండి, అదే గుర్తు. చీటీ లేకుండా అమ్మకూడదు. షాపులో దీనికి వేరే రిజిస్టరు ఉండాలి: డాక్టరు పేరు చిరునామా, పేషెంటు పేరు, మందు, ఎన్ని ఇచ్చారు. మూడేళ్ళు దాచాలి. కాగితం మీద బాగుంది. ఇన్‌స్పెక్టరు వచ్చే ముందు కూర్చుని ఒకే పెన్నుతో నెలంతా నింపిన రిజిస్టరుని చూసి మోసపోనివాళ్ళు తక్కువ. రెండు వారాలు దాటిన దగ్గుకి చీటీ లేకుండా ఐదు రోజుల లీవోఫ్లాక్సాసిన్ ఇస్తే ఏమవుతుందంటే, ఆ మందుకి టీబీ క్రిమి కొంత అణుగుతుంది, దగ్గు తగ్గినట్టుంటుంది, గళ్ల పరీక్షలో దొరక్కపోవచ్చు. నెలా రెండు నెలల తర్వాత జబ్బు ముదిరి, మొండి టీబీకి (మామూలు మందులకి లొంగనిదానికి) వాడాల్సిన మందుకే అలవాటుపడి బయటికి రావచ్చు. చట్టం పెట్టింది ఇందుకే.

పేటెంటు చట్టాన్ని టీబీ చట్టంగా ఎవరూ లెక్కపెట్టరు గానీ, మొండి టీబీ విషయంలో అది చేసిన మేలు చిన్నది కాదు. మొండి టీబీకి వాడే బెడాక్విలిన్ అనే మందు మీద కంపెనీ అడిగిన రెండో పేటెంటుని 2023 మార్చిలో మన పేటెంటు కార్యాలయం తిరస్కరించింది. అసలు పేటెంటు జూలైలో ముగిసింది. అంతర్జాతీయ కొనుగోలులో ఆరు నెలల కోర్సు ధర 289 డాలర్ల నుంచి 130 దాకా దిగింది. ఒకప్పుడు ఏడాదిన్నర, రెండేళ్ళు సూదులతో సాగిన వైద్యం ఇప్పుడు చాలామందికి ఆరు నెలల మాత్రలతో అవుతోంది.

ఇప్పుడు మీ ఇంటి సంగతికి వస్తాను. వేలూరులో నమోదు చేస్తే నిక్షయ్ అనే పోర్టల్లో ఒక నంబరు పుడుతుంది. దేశమంతటా ఒకటే నంబరు. తమిళనాడులో పుట్టిన నంబరుని మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి బదిలీ చేయాలి, ఇక్కడివాళ్ళు దాన్ని ‘స్వీకరించాం’ అని నొక్కాలి. చిక్కు వచ్చేది ఈ రెండో అడుగులోనే. అక్కడ పంపేశామంటారు, ఇక్కడ చూసుకోలేదు, మాత్రలు అయిపోతాయి. లేదా ఇక్కడి సిబ్బంది తొందరలో కొత్త నంబరు తెరుస్తారు, ఒకే మనిషికి రెండు నంబర్లయి డబ్బు ఆగిపోతుంది. కాబట్టి నంబరు ఫోన్లో రాసి ఉంచుకోండి, ఆరోగ్య కేంద్రంలో ‘కొత్తది వద్దు, ఇది బదిలీ అయ్యింది’ అని చెప్పండి. బదిలీ తేలేదాకా సరిపడా మాత్రలు వేలూరులోనే అడిగి తెచ్చుకోండి. సిబ్బంది నోట ఎస్టీఎస్ అనే మాట వింటారు, టీబీ యూనిట్ చూసుకునే సూపర్‌వైజరు ఆయనే. ఆయన ఫోన్ నంబరు మీ దగ్గరుంటే సగం పని అయినట్టే.

పోషణ డబ్బు 2018 ఏప్రిల్‌లో నెలకి 500తో మొదలైంది, 2024 నవంబరు 1 నుంచి 1,000. ఆరు నెలల మందుకి 6,000, రెండు విడతలు: మొదట 3,000, 84 రోజుల మందు పూర్తయ్యాక 3,000. బ్యాంకు పాసుబుక్కు అడిగింది ఇందుకు. మన జిల్లాలో ఇది తిరిగిపోవడానికి మామూలు కారణం పాత ఐఎఫ్ఎస్‌సీ కోడు. సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మేలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది, అంతకుముందే ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకు అయింది. ఇంట్లో పాత పుస్తకం చూసి కోడు ఇస్తే డబ్బు దారి తప్పుతుంది. బ్యాంకుకి వెళ్ళి కొత్త పేజీ ముద్ర వేయించుకుని, ఆధార్ జత అయిందో లేదో, ఖాతా నిద్రలో ఉందో లేదో అడిగి మరీ ఇవ్వండి. ఆధార్ లేదనో, ఖాతా లేదనో మందు ఆపే హక్కు మాత్రం ఎవరికీ లేదు. డబ్బు ఆగవచ్చు, మాత్ర ఆగకూడదు.

మాత్రల లెక్క బరువుని బట్టి: 35 నుంచి 49 కిలోలకి రోజుకి మూడు, 50 నుంచి 64కి నాలుగు, 65 నుంచి 75కి అయిదు. నాలుగు మందులు కలిసిన మాత్ర రెండు నెలలు, మూడు మందులది నాలుగు నెలలు. ఒకప్పుడు వారానికి మూడు రోజులు ఇచ్చేవాళ్ళు, రోజూ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2017 జనవరిలో గడువు పెట్టాక మారింది. మొదట్లో 47 కిలోలున్న మనిషి తిండి పట్టి 52 అయితే మాత్రల సంఖ్య కూడా మారాలి. నెలనెలా తూచమని మీరే అడగండి. మూత్రం నారింజ రంగులో వస్తే కంగారు పడొద్దు, అది మందు రంగు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, రంగులు సరిగా కనబడకపోయినా ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. షుగరు మాత్రలు వాడుతుంటే రిఫాంపిసిన్ వాటి బలం తగ్గిస్తుంది, ముందే చెప్పాలి.

ఆశా కార్యకర్త ఇంటికి రావడం వల్ల వీధిలో తెలిసిపోతుందన్న బెంగ ఉంటే, ఆవిడతో నేరుగా మాట్లాడండి. ఆరోగ్య కేంద్రం దగ్గరే కలుస్తామంటే ఒప్పుకుంటారు. కానీ ఇంట్లోవాళ్ళ పరీక్షలు ఎగ్గొట్టొద్దు. అయిదేళ్ళ లోపు పిల్లలుంటే మొదట వాళ్ళకి. జబ్బు లేదని తేలాక ఇంట్లో అందరికీ నివారణ మందు ఇస్తారు, వారానికొకసారి చొప్పున 12 వారాలో, రోజూ చొప్పున ఆరు నెలలో.

పని విషయం. జీతం 21 వేలు దాటకుండా ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కోత ఉంటే, టీబీ వాళ్ళ దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉంది. మామూలు సిక్‌నెస్ బెనిఫిట్ 91 రోజులు, జీతంలో 70 శాతం. ఆ పైన రెండేళ్ళ సర్వీసు, నాలుగు కంట్రిబ్యూషన్ కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) 156 రోజుల చందా ఉన్నవాళ్ళకి 80 శాతం. సర్టిఫికెట్లు వారం వారం తప్పకుండా తీసుకోవాలి, మధ్యలో ఖాళీ రానివ్వొద్దు. రైల్లో వైద్యానికి పోతే రోగికి, తోడున్న ఒకరికి స్లీపరులో 75 శాతం రాయితీ ఉంది, డాక్టరు సంతకం చేసిన ఫారం కౌంటర్లో ఇవ్వాలి.

గ్రానైట్ అన్నారు గనుక ఇంకో మాట, అన్నిటికంటే ముఖ్యం కూడా. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే టీబీ ముప్పు కొన్ని రెట్లు పెరుగుతుంది. ఎక్స్‌రేలో సిలికోసిస్ (ఆ దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) మచ్చలు టీబీలా, టీబీ మచ్చలు సిలికోసిస్‌లా కనబడతాయి. ఎన్నేళ్ళు ఏ యంత్రం దగ్గర పనిచేశాడో డాక్టరుకి రాసివ్వండి, మందు కాలం పెంచాల్సి రావచ్చు. ఉద్యోగుల పరిహార చట్టం (2025 నవంబరులో దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది) మూడో షెడ్యూల్లో సిలికో-ట్యూబర్‌క్యులోసిస్ అనే పేరు ఎప్పటినుంచో ఉంది, అంటే పరిహారానికి దారి ఉంది. దక్షిణాఫ్రికాలో ఇదే జబ్బుకి బంగారు గని కార్మికులు కోర్టుకెక్కి 2019లో కంపెనీలతో 500 కోట్ల రాండ్ల ఒప్పందం సాధించారు. వాళ్ళ చేతిలో ఉన్నది గని సర్వీసు రికార్డులు. మన యూనిట్లలో చాలాచోట్ల హాజరు పట్టీలో పేరుండదు, కూలి చేతికిస్తారు. కాబట్టి జీతం ఎప్పుడైనా ఖాతాలో పడి ఉంటే ఆ బ్యాంకు స్టేట్‌మెంటు, గేటు పాసు, తోటి పనివాళ్ళ పేర్లు, ఫోన్లో పాత ఫొటోలు ఇప్పుడే పోగుచేసి పెట్టుకోండి. తిరిగి పనికి వెళ్తే పొడి కోత దగ్గరికి వద్దు, నీళ్ళు పోస్తూ కోసే చోటే. మూతికి తువ్వాలు కట్టుకుంటే ఆ సన్నటి దుమ్ము ఆగదు.

మాత్రలు అందకపోయినా, బదిలీ తేలకపోయినా 1800-11-6666కి ఫోన్ చేయండి, ఉచితం. నిక్షయ్ నంబరు చేతిలో పెట్టుకుని చేయండి, మొదట అడిగేది అదే.